చొక్కా చదివే వెరోనమ్మ

బైబిల్లో దేవుడు దావీదు అనే కుర్రాణ్ణి రాకాసి గొల్యాతు మీదికి పంపే ముందు మా నానమ్మను ఒక్క మాట అడగాల్సింది. అడిగి ఉంటే సౌలు రాజుకీ ఆయన సైన్యానికీ నలభై రోజుల వణుకు తప్పేది. ఆ కుర్రాడి చొక్కా ఒకటి పట్రమ్మని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "వీణ్ణి పంపండి, గెలుస్తాడు" అని మా నానమ్మ మొదటిరోజే తేల్చేసేది. ఇది నేను గొప్పకి చెబుతున్న మాట కాదు. మా గ్రెంజర్ ఊళ్ళో ఉక్కుమిల్లు గేటు ముందు నిలబడి, టిఫిన్ డబ్బాతో బయటికొచ్చే ఏ మనిషినైనా అడగండి. నాకంటే ఇంకో నాలుగు మాటలు ఎక్కువే చెబుతాడు.

ఆవిడ పేరు వెరోనా హుడాక్. ఊరికంతా వెరోనమ్మ. ముప్ఫై ఒక్క ఏళ్ళు మా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికింది, అదే, బంతి చేత్తో పట్టుకుని గుద్దుకుంటూ ఆడే అమెరికా ఫుట్‌బాల్. బడి నేలమాళిగలో రెండు సిమెంటు తొట్లు, బట్టలు పిండే రోలర్ల మిషను ఒకటి, గట్టి బ్రష్షు ఒకటి, ఆవిడ. అంతే సరంజామా. ఇప్పుడు బడి నూరేళ్ళ పండగకి పుస్తకం వేస్తున్నారట. మీ నానమ్మ గురించి నువ్వే రాయాలి అని నన్నడిగారు. పదో తరగతి లెక్కల్లో నన్ను రెండుసార్లు ఉతికి ఆరేసింది కూడా ఆ బడే. కాబట్టి నా రాతలో తప్పులుంటే వాళ్ళే భరించాలి.

అసలు విచిత్రం ఏమిటంటే, మా నానమ్మ ఒక్క ఆట కూడా చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కటీ! శనివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా మైదానం చుట్టూ చేరి గొంతులు చించుకుంటుంటే, ఆవిడ కింద నీళ్ళు కాచుకుంటూ, సబ్బు తురుముకుంటూ కూర్చునేది. "కేకలు వినపడుతూనే ఉన్నాయిగా, మళ్ళీ చూడ్డం ఎందుకు?" అనేది. ఆట అయ్యాక బురద చొక్కాలు బుట్టలో వచ్చి పడేవి. అప్పుడు మొదలయ్యేది ఆవిడ ఆట.

ఒక్కో చొక్కా పరిచి చదివేది. నిజంగా చదివేది, పత్రిక చదివినట్టు. అందులోనూ క్వార్టర్‌బ్యాక్ చొక్కా అయితే రెండుసార్లు. ఎందుకంటే జట్టులో ప్రతిసారీ బంతి ముందు అందుకునేది వాడే. ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకోవాల్సింది వాడే. ఈలోగా ఎదుటి జట్టులో ఉన్న దున్నపోతులన్నీ వచ్చి పడేదీ వాడి మీదే.

"వీపంతా బురదైతే, చివరిదాకా నిలబడి బంతి విసిరాకే దెబ్బ తిన్నాడన్నమాట" అని చెప్పేది. "ఛాతీ బురదైతే ఇంకో అడుగు కోసం ముందుకి పడ్డాడు. తుంటి ఒక్కటే బురదైతే, తప్పించుకుని జారి కూర్చున్నాడు. వాడికి ఒళ్ళు ముద్దు."

మా మైదానం మిల్లువాళ్ళు పారబోసిన ఇనుప చిట్టెం మీద మట్టి పోసి చదును చేసింది. అందుకే మా బురద నల్లగా, వెలుగులో పెడితే మినుకు మినుకుమంటూ ఉండేది. తెల్లచొక్కా మీద ఒక్క చుక్క కూడా దాగదు.

గురువారం చర్చి కింది హాల్లో ఆడవాళ్ళంతా చేరి పిరోహీలు చేసేవారు, శుక్రవారం అమ్మకానికి. కజ్జికాయల్లాగే పిండి వత్తి, లోపల ఉడికిన బంగాళాదుంప పెట్టి, అంచులు నొక్కడం. ఆ బల్ల చివర మా నానమ్మ కూర్చునేది. మిల్లులో షిఫ్టు దిగిన మగవాళ్ళు ఏదో పనున్నట్టు లోపలికొచ్చి, టోపీ తీసి చేతిలో నలుపుతూ, "ఏమంటోంది వెరోనమ్మా, చొక్కా?" అని అడిగేవారు. ఆవిడ ఒక్క వాక్యం చెప్పేది. ఆ వాక్యం సాయంత్రానికల్లా ఏటి అవతలికి చేరేది.

ఇక నా పదమూడో ఏటి సంగతి. ఆ ఏడు మా క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నారు? మా అన్నయ్య ఎమిల్! పన్నెండో నెంబరు చొక్కా. వాడు బంతి విసిరితే గాలికి కూడా దారివ్వక తప్పేది కాదు. జట్టు వరుసగా ఏడు ఆటలు గెలిచింది. మంగలి షాపులో వాడికి ఉచితంగా క్రాపు. మా బడి ఆడపిల్లలు నన్ను పిలిచి మరీ చాక్లెట్లు ఇచ్చేవాళ్ళు. ఆ చాక్లెట్ల కోసమైనా వాడు బాగుండాలని నేను మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను.

ఇక మిగిలింది ఒక్క ఆట. మార్లో ఊరి జట్టుతో. పదకొండేళ్ళుగా మమ్మల్ని చితక్కొడుతున్న మార్లో! పైగా ఆ శనివారం ఒహాయో కాలేజీ నుంచి ఒక మనిషి వస్తున్నాడని కబురు. ఎమిల్‌ని చూడ్డానికి. ఆయన కళ్ళముందు ఆడి నచ్చితే ఎమిల్‌కి ఫీజు లేకుండా కాలేజీ. ఆడకపోతే జూన్‌లో మిల్లు, మా నాన్న పక్కనే, కొలిమి ముందు. మా ఇంట్లో ఆ వారమంతా ఇంకో మాట లేదు.

అయితే అంతకుముందు శనివారం వానలో ఆడిన ఎనిమిదో ఆట చిక్కు తెచ్చిపెట్టింది. మొదటి సగంలో ఎమిల్ మూడుసార్లు బంతి జారవిడిచాడు. మేం పన్నెండు పాయింట్లు వెనకబడ్డాం. కోచ్ బర్నీ టామ్‌చిక్ వాణ్ణి కూర్చోబెట్టి, ఆగస్టులోనే మా ఊరొచ్చిన లియోన్ ప్రుయెట్ అనే కుర్రాణ్ణి దింపాడు. పదిహేడో నెంబరు. మాట్లాడితే పక్కవాడికి కూడా వినపడనంత మెత్తనివాడు. ఒక్క పాయింటు తేడాతో ఆట గెలిపించాడు. దాంతో ఊరు రెండయింది. "ఏడాటలు గెలిపించినవాణ్ణి తీసేస్తారా?" అని సగం మంది. "గెలిపించింది మొన్నటివాడు కదా?" అని సగం మంది. కోచ్‌కి తిండి సహించలేదు.

ఆ ఆట అయిన సాయంత్రమే మా నానమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళలో చెయ్యని పని ఒకటి చేసింది. అన్ని చొక్కాలూ ఉతికింది, రెండు మాత్రం ఉతక్కుండా తీగ మీద వేసింది. పన్నెండు, పదిహేడు.

"అవెందుకు నానమ్మా అలా?"

"బర్నీ వచ్చి తన కళ్ళతో చూడాలి. సొంత మనవడి విషయంలో నా మాట ఎవరు నమ్ముతారు?"

"ఎమిల్ చొక్కా బాగానే ఉందిగా? ఎంత తెల్లగా ఉందో!"

"అదే దాని రోగం" అంది. తర్వాత తనలో తాను గొణుక్కున్నట్టు, "ఛాతీ మీద ఒక్క చెయ్యి లేదు" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆవిడ చదువులో అసలు పాఠం అది. కింద పడ్డ క్వార్టర్‌బ్యాక్‌ని సొంత జట్టువాళ్ళు చొక్కా పట్టుకుని లేపుతారు. బురద చేతులతో. ఆ ముద్రలు ఛాతీ మీద, భుజాల మీద, చంకల కింద పడతాయి. "ధైర్యం ఎంతుందో వీపు చెబుతుంది. వీడి వెనక ఎవరు నడుస్తారో ఛాతీ చెబుతుంది" అనేది నానమ్మ. లియోన్ చొక్కా చూశాను. వీపు నల్లటి పెనం. ఛాతీ మీద చేతుల మీద చేతులు. ఎమిల్ చొక్కాకి ఎడమ తుంటి దగ్గర ఒక్క మరక.

నేను ఊరుకుంటానా? ఆదివారం పూజ అయ్యాక నానమ్మ క్యాబేజీ తరుగుతుంటే గోడ మీదున్న నేలమాళిగ తాళంచెవి జేబులో వేసుకున్నాను. పెరట్లో క్యాబేజీ మడిలో మట్టి తడిపాను. ఒక డబ్బా నిండా పట్టుకుని బడి నేలమాళిగలోకి దూరాను. మా అన్నయ్య ఛాతీ మీద ధన్ ధన్ మని ఏడు చేతులు వేశాను. భుజం మీద రెండు. వెనక్కి జరిగి చూసుకుంటే, అబ్బా, జట్టు జట్టంతా వాణ్ణి ఎత్తుకుని ఊరేగించినట్టుంది! నా తెలివికి నేనే మురిసిపోయి తాళం వేసి ఇంటికొచ్చి నానమ్మ చేసిన క్యాబేజీ ఆకు చుట్టలు, హలుప్కీలు, రెండు ఎక్కువ తిన్నాను.

సోమవారం బడి వదలగానే కోచ్ కిందికొచ్చాడు. నేను ముందే వెళ్ళి సబ్బుపెట్టె మీద కూర్చున్నాను, నా పనితనం చూసుకోవాలని. కోచ్ లావుపాటి మనిషి, ఊరందర్నీ గదమాయిస్తాడు. నానమ్మ ముందు మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తను ఆడే రోజుల్లో తన చొక్కా ఉతికింది కూడా ఆవిడే మరి.

"ఏం చెయ్యమంటావు వెరోనమ్మా? తలకాయ పగిలిపోతోంది."

"నన్నడక్కు బర్నీ. వాటినడుగు."

కోచ్ రెండు చొక్కాల ముందూ నిలబడ్డాడు. లియోన్‌ది చూశాడు. ఎమిల్‌ది చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అరెరె, ఎమిల్ చొక్కా నిండా చేతులేగా! ఏడు, ఎనిమిది, తొమ్మిది! నేనే సరిగ్గా చూడలేదన్నమాట. బతికించావు తల్లీ!"

నానమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చొక్కా దగ్గరికెళ్ళింది. గోటితో కొంచెం గీకింది. వాసన చూసింది. ఇంకా అటు తిరిగే ఉంది కానీ నేను నా చేతులు రెండూ వెనక దాచుకున్నాను.

"బర్నీ, మన మైదానంలో క్యాబేజీ పండిస్తున్నావా?"

"ఆఁ?"

"ఇందులో చిట్టెం లేదు, మెరుపు లేదు. ఇది నా పెరటి మట్టి. పోనీ, మీవాడు స్టష్ చెయ్యి ఎంతుంటుంది?"

స్టష్ అంటే ముందువరసలో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే కుర్రాడు. కొండంత మనిషి. కోచ్ గాలిలో రెండు చేతులూ చాపి, "పెనమంత" అన్నాడు.

"ఇవి బిస్కెట్లంత ఉన్నాయి. టెక్లా, ఇలా రా. చెయ్యి ఇక్కడ పెట్టు."

"నాకు కాలు తిమ్మిరెక్కింది నానమ్మా."

"కాలు కాదు, చెయ్యి."

పెట్టాను. గీత గీసినట్టు సరిపోయింది. కోచ్ నవ్వాలా తిట్టాలా తేల్చుకోలేక దగ్గాడు. నానమ్మ నవ్వలేదు. "లియోన్‌ని ఆడించు" అంది. అని, ఎమిల్ చొక్కాని తొట్లో పడేసింది. మరక పోయాక కూడా బ్రష్షుతో రుద్దుతూనే ఉంది.

ఆ సాయంత్రం మా వంటింట్లో గిన్నెలు ఎగరలేదు కానీ ఎగిరినంత పనయింది.

"నువ్వసలు నా నానమ్మవేనా?" ఎమిల్ అరిచాడు. "ఒహాయో నుంచి మనిషొస్తున్నాడు! నన్ను బెంచీ మీద చూసి పోతాడా?"

"ఇంట్లో నానమ్మనే. అక్కడ బట్టలుతికేదాన్ని" అంది ఆవిడ, బంగాళాదుంప చెక్కు తీస్తూ. "స్టష్ నీకు చెయ్యిస్తే ఏం చేశావు?"

ఎమిల్ కిటికీ వైపు తిరిగాడు.

"నేను చూళ్ళేదులే. నీ చొక్కా చెప్పింది. చెయ్యి విదిలించి ఉంటావు. కింద పడేసినందుకు వాణ్ణే తిట్టి ఉంటావు."

"వాడు సరిగ్గా కాయలేదు. నేనెందుకు పడాలి?"

"అదే. నువ్వెందుకు పడాలి?" అని ఇంకో దుంప తీసుకుంది. ఎమిల్ తలుపు ధడాల్న వేసి బయటికి పోయాడు. వాడు వెళ్ళాక ఆవిడ ఆ దుంపని చెక్కు తీసి తీసి గోళీకాయంత చేసింది.

గురువారం పిరోహీల బల్ల దగ్గర ఆడవాళ్ళు కూడా రెండు జట్లయ్యారు. "సొంత మనవడి నోటిదగ్గరి కూడు తీసింది" అని ఒకావిడ నానమ్మకి వినపడేలాగే అంది. నానమ్మ అంచులు నొక్కుతూనే ఉంది. ఆ రోజు ఆవిడ చేసినవాటిలో సగం ఉడకబెడితే విచ్చుకున్నాయి. ఆవిడ చేతిలో అలా జరగడం నేనదే చూడ్డం.

శనివారం వచ్చింది! ముందురోజు కురిసిన వానకి మైదానం నల్లటి జావలా ఉంది. ఊరు మొత్తం అక్కడే. మార్లో వాళ్ళు ఆరు బస్సుల్లో దిగారు, డప్పులతో సహా. ఒహాయో ఆయన గోధుమరంగు టోపీ పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు. నానమ్మ మాత్రం కిందే. కానీ ఆవిడ ఆ రోజు సబ్బు తురమలేదు. నేలకి సమంగా ఉన్న చిన్నకిటికీ తెరిచి పెట్టుకుంది. నేను మైదానానికీ కిటికీకీ మధ్య పరుగెత్తుతూ కబుర్లు మోశాను.

"ఏడూ ఏడు నానమ్మా!"

"సరే."

"మార్లో పదమూడు, మనం ఏడు! లియోన్‌ని ముగ్గురు కలిసి తొక్కేశారు!"

"లేచాడా?"

"లేచాడు! ఐదుగురు లేపారు!"

"ఎమిల్?"

"బెంచీ మీద. గడ్డం మీద చెయ్యి పెట్టుకుని."

ఆట ఇక అర నిమిషంలో అయిపోతుందనగా లియోన్ బంతి పట్టుకుని మార్లో దున్నల మధ్యనుంచి దూరి దూరి వాళ్ళ చివరి గీత దాటి బోర్లా పడ్డాడు. దానికి ఆరు పాయింట్లు. పదమూడూ పదమూడు! నేను కిటికీలో తల పెట్టి అరిచాను. నానమ్మ నా తల పట్టుకుని బయటికి తోసి, "అయిపోలేదు, వెళ్ళు!" అంది.

నిజమే, అయిపోలేదు. గీత దాటిన జట్టుకి ఒక తన్ను ఉంటుంది. రెండు స్తంభాల మధ్యనుంచి బంతి పోతే ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటే ఇప్పుడు పదకొండేళ్ళ పగ. తన్నేవాడి ముందు ఒకడు మోకాలి మీద కూర్చుని, వెనక్కి వచ్చే బంతి అందుకుని, నేల మీద నిలబెట్టి, వేలితో నొక్కి పట్టాలి. తలెత్తకూడదు, కదలకూడదు. ఎదుటివాళ్ళు తన మీదికే దూకుతుంటారని తెలిసినా సరే. అది ఎప్పుడూ జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్ పని. ఏడాటల్లో లియోన్ చేసిన పని. దాని గురించి పత్రికలో ఎవరూ రాయరు. ఇవాళ రెండో వాడెవరు?

ఎమిల్ బెంచీ మీంచి లేచాడు. మా మొదటి తన్నుకీ పట్టింది వాడే, కానీ అప్పుడు వాడిదాకా ఎవడూ రాలేదు; చొక్కా ఇంకా మల్లెపువ్వులా ఉంది. వెళ్ళి జావలో మోకాలు మోపాడు.

నేను కిటికీ దగ్గరికి పరుగెత్తడం మరిచిపోయాను. బంతి వచ్చింది. ఎత్తుగా వచ్చింది! తలమీంచి పోతోంది! ఎమిల్ సాగి, వేళ్ళ చివర అందుకుని, కిందికి లాగి, నిలబెట్టాడు. ఈలోపు ఎడమవైపునుంచి మార్లో వాడొకడు, పీపాలాంటివాడు, అడ్డున్నవాణ్ణి ఎగరగొట్టి నేరుగా ఎమిల్ మీదికి వస్తున్నాడు. ఎమిల్ వాణ్ణి చూశాడు. నేను ఒట్టేసి చెబుతాను, చూశాడు. వేలు తీస్తే చాలు, పక్కకి దొర్లితే చాలు. వాడు జీవితమంతా చేసింది అదే. కానీ మళ్ళీ బంతి వైపు తల దించాడు. వేలు తియ్యలేదు. తన్ను పడింది. ఆ మరుక్షణం పీపా వచ్చి వాడి మీద పడింది.

బంతి స్తంభానికి తగిలి, ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి పడింది!

పద్నాలుగు! పద్నాలుగూ పదమూడు! మిల్లులో ఎవరో కూత వేశారు. మా నాన్న టోపీ ఎగరేస్తే అది ఈ రోజుకీ దొరకలేదు. జట్టంతా తన్నినవాడి మీదికి ఎగబడింది. ఎమిల్ ఒక్కడూ జావలో వెల్లకిలా ఉన్నాడు, కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని. అప్పుడు స్టష్ వెనక్కి తిరిగాడు. లియోన్ తిరిగాడు. వాళ్ళ వెనక ఇంకో నలుగురు. స్టష్ వంగి, కొంచెం ఆగి, ఆ పెనమంత చెయ్యి చాపాడు. ఎమిల్ దాన్ని చూశాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. తక్కినవాళ్ళు వాడి చొక్కా ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని ఎత్తారు.

ఆ చొక్కా బుట్టలో కాదు, ఎమిల్ తనే పట్టుకొచ్చాడు, కుడిచేతికి కట్టుతో. నానమ్మ బల్ల మీద పరిచింది. వీపు నల్లగా నిగనిగలాడుతోంది. ఛాతీ తిప్పింది. ఒక్కో ముద్ర మీదా వేలు పెట్టుకుంటూ పోయింది.

"ఇది స్టష్. ఇది లియోన్, ఎడమచేతి వాటం. ఇదెవరిదో, వాడు గోళ్ళు తీసుకోడు." ఆగింది. "ఇందులో క్యాబేజీ లేదు" అంది నా వైపు చూస్తూ.

ఎమిల్ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేను, "ఉతక్కు నానమ్మా, దాచుకుందాం!" అన్నాను.

"చదివాక ఉతకాలి. మురికి మురికే" అని వేడినీళ్ళలో ముంచేసింది. ఈసారి మరక పోగానే బ్రష్షు పక్కన పెట్టింది.

ఒహాయో ఆయన లియోన్‌ని తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కోచ్‌ని, "ఆ బంతి పట్టుకున్న కుర్రాడెవరు?" అని అడిగాడట. అంతే, అడిగాడు. జూన్‌లో ఎమిల్ మిల్లుకి వెళ్ళాడు. కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ వంకరే. ఇప్పుడు మా బడికి వాడే కోచ్. ప్రతి సెప్టెంబరులోనూ ఉతకని చొక్కాలు రెండు మూడు సంచీలో వేసుకుని, తొంభై ఒక్క ఏళ్ళ నానమ్మ వంటింటికి వస్తాడు. కాలేజీ పోయిందని వాడు ఆవిడని ఒక్కసారి కూడా అనలేదు. నేను మాత్రం ఏడాదికోసారైనా అంటాను, ఎవరో ఒకరు అనాలి కదా.

రాసింది నిన్న ఆవిడకి మొదటినుంచీ చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఎలా ఉంది నానమ్మా?"

"మొదటి మాటే తప్పు" అంది కళ్ళు తెరవకుండా. "దావీదు దూరంనుంచి వడిసెలతో రాయి విసిరాడు. వాణ్ణి ఎవడూ పడెయ్యలేదు, ఎవడూ లేపలేదు. చొక్కా మీద మడత కూడా పడి ఉండదు. నేనైతే వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతాను."